‘ఏమిటీ అవతారం?’ అని ఆఫీసు అడిగితే

పని బాగాలేదని చెప్పడానికి పై అధికారులు పెద్దగా మొహమాటపడరు. మనిషి కనిపించే తీరు గురించి చెప్పవలసి వచ్చేసరికి మాత్రం నీళ్లు నములుతారు. ‘కాస్త నీట్‌గా ఉంటే బాగుంటుంది’, ‘క్లయింట్లు వస్తూ పోతూ ఉంటారు కదా’, ‘టీములో ఎవరో అన్నారు, పేర్లెందుకు లెండి’ అంటారు. విన్న మనిషికి తాను ఎవరికో నచ్చలేదన్న సంగతి తప్ప మరేమీ అర్థం కాదు. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి జుట్టు నుంచి చెప్పుల దాకా అన్నిటినీ అనుమానించుకుంటాడు.

చాలాకాలం సిబ్బంది విభాగంలో పనిచేసినందువల్ల ఆ మాట చెప్పే కుర్చీలో కూడా నేను కూర్చున్నాను. ఇలా వచ్చే ఫిర్యాదులో నాలుగు వేర్వేరు సంగతులు కలగలిసి ఉంటాయి: శుభ్రత, భద్రత, సంస్థ పెట్టుకున్న వేషధారణ నియమం, ఎవరికో గిట్టని మీ శరీరం. మొదటి మూడింటికి మీ వైపు నుంచి సమాధానం ఉంటుంది. నాలుగోదానికి సమాధానం చెప్పుకోవలసింది వాళ్లే. వచ్చింది ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకోకుండా క్షమాపణ చెప్పినా, గొడవకు దిగినా నష్టపోయేది మీరే.

మొదటి మెట్టు: ఆ గదిలో మూడు ప్రశ్నలు

పిలిచి చెబుతున్నప్పుడు ఒళ్లు మండుతుంది, లేదా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రెండూ సహజమే. నోటితో మాత్రం ఇంతే అనండి: ‘మీరు చెప్పింది విన్నాను సార్. సరిగ్గా అర్థం చేసుకోవాలి కాబట్టి రెండు మూడు విషయాలు అడుగుతాను.’

కచ్చితంగా దేని గురించి? గడ్డమా, బట్టలా, వాసనా, బరువా? పేరు పెట్టి చెప్పమనండి. ‘మొత్తంగా’ అని జవాబు వస్తే ‘ఒక్క ఉదాహరణ చెప్పండి’ అనండి. తరువాత, ఇది సంస్థలో ఏ నియమం కిందికి వస్తుందో అడగండి. ఉంటే కాగితం చూపిస్తారు, లేకపోతే అక్కడే తెలిసిపోతుంది. చివరగా, ఏం మారితే సరిపోతుందో, ఎప్పటిలోగా మారాలో అడగండి. చాలామంది మేనేజర్లు ఈ మూడో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. మారడానికి వీలు లేని దాని గురించి తాము మాట్లాడుతున్నామని వాళ్లకు అప్పుడే తట్టవచ్చు.

ఎవరన్నారని అడగకండి. ఆ ప్రశ్న వేసిన క్షణం నుంచి సంభాషణ మీ మీద కక్ష ఉన్నవాళ్ల గురించి అయిపోతుంది, అసలు విషయం పక్కకు పోతుంది. టీ దుకాణం దగ్గర ఆరా తీయడం ఇంకా నష్టం. ‘ఎవరన్నారో వద్దు, ఏమన్నారో చెప్పండి’ అంటే చాలు.

సంతకం పెట్టమని కాగితం ఇస్తే చదవకుండా పెట్టకండి. పెట్టక తప్పకపోతే ‘అందుకున్నాను’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. కాగితం అందిందని ఒప్పుకోవడానికీ, అందులో ఉన్నది నిజమని ఒప్పుకోవడానికీ తేడా ఉంది. ఫోనులో రహస్యంగా రికార్డు చేయాలన్న ఆలోచన కూడా వస్తుంది. దాన్నే క్రమశిక్షణ ఉల్లంఘనగా చూసే సంస్థలు ఉన్నాయి కాబట్టి మీ నియమావళి చదవకుండా ఆ జోలికి వెళ్లకండి.

రెండో మెట్టు: ఆ రాత్రే రాసి పెట్టుకోండి

తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, ఏ మాటలు వాడారు అన్నవి అన్నమాట అన్నట్టుగా రాయండి. ‘అవమానించారు’ అని రాస్తే తరువాత ఉపయోగపడదు. ‘ఈ ముఖంతో ఫ్రంట్ ఆఫీసులో కూర్చోబెట్టలేం అన్నారు’ అని రాస్తే ఉపయోగపడుతుంది.

మర్నాడు పొద్దున, తల చల్లబడ్డాక, ఒక చిన్న ఈమెయిలు పంపండి. ఏ భాషలో రాసినా సారాంశం ఇలా ఉండాలి:

‘నిన్న సాయంత్రం మీరు నాతో నా వేషధారణ గురించి మాట్లాడారు. నాకు అర్థమైనంతవరకు అభ్యంతరం నా గడ్డం గురించి. దీనికి సంబంధించిన సంస్థ నియమం ప్రతిని పంపగలరు. అది చూశాక శుక్రవారంలోగా నా సమాధానం తెలియజేస్తాను. నేను తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దగలరు.’

ఇందులో కోపం గానీ సంజాయిషీ గానీ లేవు. నోటిమాటగా పోయేది కాగితం మీదికి వచ్చింది, అంతే. సగం ఫిర్యాదులు ఈ ఈమెయిలుతోనే చల్లారిపోవడం చూశాను. నోటితో అనగలిగిన మాటను రాసి సంతకం చేయడానికి చాలామంది వెనకాడతారు.

మూడో మెట్టు: వచ్చింది ఏ రకమో చూసుకోండి

శుభ్రత గురించి అయితే, కష్టంగా ఉన్నా, ముందు ఫిర్యాదు నిజం కావచ్చునని అనుకోండి. మన వాసన మన ముక్కుకు తెలియదు, అది ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. ఇంట్లో మొహమాటం లేని మనిషిని, అక్కనో తమ్ముడినో, ‘నిజం చెప్పు’ అని అడగండి.

చెమటకు సొంతంగా దాదాపు వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే గ్రంథుల స్రావాన్ని చర్మం మీది బాక్టీరియా విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. అందుకే పైన సెంటు కొడితే రెండూ కలిసి ఇంకా ఘాటెక్కుతాయి. డియోడరెంటు వాసనను కప్పుతుంది, యాంటీపెర్స్పిరెంటు చెమటనే తగ్గిస్తుంది. అల్యూమినియం లవణాలుండే ఈ రెండో రకాన్ని రాత్రి పడుకునే ముందు, బాగా తుడిచి ఆరిన చర్మం మీద రాస్తే బాగా పనిచేస్తుంది. పొద్దున తడి ఒంటి మీద హడావిడిగా రాస్తే దండగ. అయినా తగ్గకపోతే చర్మవైద్యులు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న సబ్బులాంటివి సూచిస్తారు. అది రంగు బట్టలను, తువ్వాళ్లను వెలిసిపోయేలా చేస్తుంది, జాగ్రత్త.

బట్టల సంగతీ చూడండి. పాలిస్టర్ చొక్కాలు వాసనను పట్టి ఉంచుతాయి. వానాకాలంలో గదిలో దండెం మీద సగం ఆరిన బట్టలు, ఇస్త్రీ చేయగానే బాగున్నట్టే ఉండి, ఒంటి వేడి తగలగానే ముక్క వాసన కొడతాయి. మే నెలలో బండి మీద గంటసేపు ప్రయాణించి వచ్చేవాళ్లు బ్యాగులో ఇంకో చొక్కా పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. నోటి వాసన అయితే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎక్కువసార్లు కారణం చిగుళ్లలో, నాలుక మీది పాచిలో ఉంటుంది. ఉన్నట్టుండి వాసన మారినా, చెమట విపరీతంగా పెరిగినా షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

తామర ఉంటే మందుల దుకాణంలో అడిగి క్రీము కొనుక్కోకండి. అలా అమ్మే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గించి, తరువాత తామరను ఒళ్లంతా పాకిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ‘వాసన’ అనే ఫిర్యాదు ఒంటి నుంచా, బట్టల నుంచా, మధ్యాహ్నం క్యారేజీ నుంచా అని తప్పక అడగండి. ఎండుచేపల కూరకూ, మాంసానికీ ముక్కు మూసుకునేవాళ్లు దాన్ని మీ శుభ్రత మీద ఫిర్యాదుగా మార్చి పంపడం మన ఆఫీసుల్లో లేని సంగతేమీ కాదు. క్యారేజీ గురించి అయితే మాట్లాడవలసింది అందరి భోజనాల గదికి గాలి వెలుతురు ఎలా ఉండాలన్నది. మీరు సబ్బు మార్చవలసిన పని లేదు. ఆ మాటల్లోకి కులం పేరు వస్తే, మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయితే, నలుగురి కంటపడే చోట కించపరచాలని అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అప్పుడు అది సిబ్బంది విభాగం తేల్చే విషయంగా మిగలదు.

మేనేజరుకు చెప్పవలసింది కొంచెమే: ‘గమనించాను, సరిచేసుకుంటున్నాను. వైద్య కారణం ఉండవచ్చు, రెండు వారాలు సమయం కావాలి.’ జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.

భద్రత అనే మాట వస్తే వాదనకు దిగకుండా కారణం అడగండి. జడ్చర్ల, పరవాడ వైపు మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ముఖానికి గట్టిగా అతుక్కునే రెస్పిరేటరు గడ్డం మీద సరిగా అతకదు, సందుల్లోంచి రసాయనాల ఆవిరి లోపలికి వస్తుంది. లేతు మిషను దగ్గర వదులు జుట్టు, మెడలో గొలుసు ప్రాణం మీదికి తెస్తాయి. మందు తయారయ్యే గదిలోకి గాజులు, ఉంగరాలు, పౌడరు తీసుకువెళ్లనివ్వరు. ఆహారం తయారుచేసేచోట గోళ్లకు, జుట్టుకు నియమాలున్నాయి. ఇవి మీ అందచందాల మీద తీర్పులు కావు. మీరు అడగవలసింది ప్రత్యామ్నాయం: గడ్డానికి తొడుగు వేసుకుంటే సరిపోతుందా? తల మొత్తం కప్పి గాలి పంపే హుడ్డు ఉందా? కొన్నాళ్లు వేరే విభాగంలో వేయగలరా? అదే సంస్థ లెక్కలు రాసే గదిలో కూర్చునేవాడికి కూడా ‘భద్రత’ పేరుతో గడ్డం తీయమంటే మాత్రం, ఏ ప్రమాదం నుంచి భద్రతో రాసి ఇవ్వమనండి.

వేషధారణ నియమం అయితే దాని ప్రతి తెప్పించుకుని, రెండు సంగతులు చూడండి. అది నిజంగా రాసి ఉందా? అందరికీ ఒకేలా వర్తిస్తోందా? మగవాళ్లు నలిగిన చొక్కాలతో తిరుగుతుంటే పట్టించుకోని చోట ఆడవాళ్ల చున్నీ గురించి మెమో వస్తే, అడగవలసింది ఆ తేడా గురించే.

మనవైపు ఈ గొడవలు కార్తీకమాసంలో ఎక్కువవుతాయి. అయ్యప్ప దీక్ష అంటే మండలం పాటు, అంటే 41 రోజులు, నల్లబట్టలు, గడ్డం, కాళ్లకు చెప్పుల్లేకపోవడం. మాల వేసుకున్నాక మేనేజరు చూసి అడిగేదాకా ఆగడం కంటే, వారం ముందే తేదీలతో సహా ఈమెయిలు పెట్టడం మేలు. ఏది వదులుకోగలరో, ఏది వదులుకోలేరో ముందే ఆలోచించుకోండి. యూనిఫాం మీద నల్ల కండువాతో గురుస్వామి ఒప్పుకుంటారేమో అడగండి. ఫ్యాక్టరీ లోపల భద్రత బూట్లు తొడుక్కుని బయటికి రాగానే విప్పేసే స్వాములు ఎందరో ఉన్నారు. నియమం నిజంగా గట్టిదైన చోట మతం ఒక్కటే అడ్డం పడదని కూడా గుర్తుంచుకోవాలి. మత కారణంతో గడ్డం పెంచుకున్న వైమానిక దళ ఉద్యోగిని తొలగించడాన్ని సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. సైన్యానికి చెల్లినది సాఫ్ట్‌వేర్ కంపెనీకి అలాగే చెల్లాలని లేదు. అయినా ప్రైవేటు సంస్థ మీద రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు నేరుగా ప్రయోగించడం కష్టం, కాబట్టి బేరం తెలివిగా చేయాలి.

గుండు సంగతి వేరు. తిరుమలలో తలనీలాలు ఇచ్చినా, తండ్రి కర్మకు గుండు చేయించుకున్నా, జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది, ఏ మెమో దాన్ని తొందరపెట్టలేదు. రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి గుండుతో వస్తే టోపీ పెట్టుకోమనో, విగ్గు కొనుక్కోమనో చెప్పే పెద్దమనుషులు ఉంటారు. ‘మొక్కు తీర్చుకున్నాను, నాకు ఇబ్బంది లేదు’ అనే ఒక్క వాక్యం దాటి ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇక నాలుగోది: శరీరమే నచ్చకపోవడం

రంగు, లావు, పొట్టి, బట్టతల, మొటిమలు, బొల్లి మచ్చలు, కాలిన గుర్తులు. వీటి మీద ఫిర్యాదుకు మీరు దిద్దుకోవలసింది ఏమీ లేదు. లావు గురించి ఎప్పుడూ ‘మీ ఆరోగ్యం కోసమే’ అని మొదలుపెడతారు. జవాబు: ‘నా ఆరోగ్యం గురించి నా డాక్టరుతో మాట్లాడుకుంటాను. నా పనిలో ఏ లోటు కనిపించిందో చెప్పండి.’ రంగు గురించి అయితే ఇంకా పొట్టిగా: ‘ఈ మాట రాసి ఇవ్వగలరా?’

బొల్లి, సోరియాసిస్ అంటుకోవు. బొల్లికీ కుష్ఠుకూ సంబంధం లేదు. ఈ సంగతి తెలిసినా పక్క సీటు మార్చుకునేవాళ్లు ఉంటారు. డాక్టరు దగ్గర ‘అంటువ్యాధి కాదు’ అని ఒక వాక్యం రాయించుకుని ఉంచుకోండి, కానీ అడగకముందే ఆఫీసులో పంచకండి. అడిగినా, ఆహారం, వైద్యం లాంటి పనుల్లో తప్ప, ఎందుకు కావాలో ముందు తెలుసుకోండి. ఆరోగ్యవంతుడినని రోజూ రుజువు చేసుకుంటూ బతకడం ఎవరికీ ఉద్యోగ షరతు కాకూడదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుందో దాచకుండా చెప్పాలి. లావునో, చామనఛాయనో కారణంగా చూపి వివక్ష చేయడాన్ని నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు అక్కడ కొంత నయం. మిషిగన్ రాష్ట్రంలో ఎత్తు, బరువు మీద వివక్ష నిషేధం. మతపరమైన బొట్టు, గడ్డం, తలగుడ్డ లాంటివాటికి 15 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు వెసులుబాటు చూపాలని సమాఖ్య చట్టం చెబుతోంది. తలగుడ్డ కారణంగా ఉద్యోగం నిరాకరించిన బట్టల కంపెనీకి వ్యతిరేకంగా అక్కడి సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. ఫిర్యాదుకు గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300.

ఇక్కడ మనకు ఉన్నవి ఇవి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల్లో యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జులు, కుష్ఠు నయమైనవాళ్లు ఉన్నారు. బొల్లి లేదు. ఈ చట్టం వర్తించే మనిషిని నలుగురి కంటపడే చోట కావాలని కించపరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో, వాళ్ల వేషం, నడత వాళ్ల గుర్తింపులో భాగమని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. 2019 చట్టం ఉద్యోగంలో వివక్షను నిషేధించింది, ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలంది.

స్త్రీల ఒంటి గురించి లైంగిక ధ్వనితో వ్యాఖ్యలు చేస్తే, అది ‘వేషధారణ సలహా’ రూపంలో వచ్చినా, పనిచేసేచోట స్త్రీల మీద లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం కిందికి వస్తుంది. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ‘చూద్దాం, సర్దుకుంటుంది’ అంటూ ఈ గడువును కరగనివ్వకండి.

నాలుగో మెట్టు: జవాబు, ఆపైన

మీ ఈమెయిలులో శుక్రవారం అన్నారు కాబట్టి శుక్రవారమే జవాబు ఇవ్వండి. ఒప్పుకునేది ఏమిటో, చేస్తున్నది ఏమిటో, ఒప్పుకోనిది ఏమిటో విడివిడిగా రాయండి. ‘బూట్ల విషయంలో నియమం ప్రకారం నడుచుకుంటాను. నా శరీరపు రంగు గురించి చేసిన వ్యాఖ్యకు నా పనితో సంబంధం లేదు. అలాంటి వ్యాఖ్యలు ఇకముందు ఉండకూడదని కోరుతున్నాను.’ ఒకటిన్నర పేజీ సంజాయిషీ కంటే ఈ మూడు వాక్యాలు బరువైనవి.

జవాబు రాకపోతే, లేదా వేధింపు మొదలైతే, మేనేజరు పై అధికారికి, సిబ్బంది విభాగానికి ఒకేసారి రాయండి. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అడగండి. యూనియన్ ఉంటే ముందే వెళ్లి కలవండి. తెలుగు రాష్ట్రాల్లో దుకాణాలు, షోరూముల్లో పనిచేసేవాళ్లకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఒక రక్షణ: ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేసేటప్పుడు నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ, బదులు జీతం గానీ ఇవ్వాలి. తొలగించినట్టు కాగితం ఇవ్వకుండా ‘రేపటి నుంచి రావద్దు’ అంటే, మర్నాడు వెళ్లి, వచ్చినట్టు మెసేజ్ పెట్టి, కార్మిక శాఖ అధికారిని కలవండి. ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు కొన్ని మినహాయింపులు ఇచ్చాయి కాబట్టి అక్కడ నియామక పత్రంలోని షరతులు ముందు చదవాలి.

వాళ్లు రాజీనామా రాయమంటే అక్కడికక్కడ రాయకండి. ‘మీ పరువు కోసం చెబుతున్నాం’ అనే వాక్యం తరువాతే సాధారణంగా ఆ కాగితం బల్ల మీదికి వస్తుంది. ఇంటికి వెళ్లి ఆలోచిస్తానని లేచి రండి.

విషయం తేలిపోయాక ఇంకొక పని ఉంది, దీన్ని అందరూ మరిచిపోతారు. ‘ఫలానా తేదీన లేవనెత్తిన విషయం పరిష్కారమైనట్టు ధృవీకరించగలరు’ అని ఒక ఈమెయిలు పెట్టి, జవాబు తెప్పించుకోండి. లేకపోతే మార్చిలో వార్షిక సమీక్ష రాసేటప్పుడు, మేనేజరు మారిపోయి ఉన్నా, ఫైలులో ఉన్న పాత ‘వేషధారణ సమస్య’ కొత్త మనిషి కంటపడుతుంది. మొదటి ఈమెయిలు, మీ జవాబు, ఈ ధృవీకరణ ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రమే ఉంచకండి. ఉద్యోగం పోయిన రోజున మొట్టమొదట మూసుకుపోయేది ఆ మెయిలే. సంస్థ రహస్యాలేవీ లేకుండా చూసుకుని, మీకు సంబంధించిన కాగితాల ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి.